చప్పట్ల నిమిషం

ఆయన పోయిన సంగతి నాకు వాట్సాప్‌లో తెలిసింది. డెట్రాయిట్ పక్కన మా ట్రాయ్ తెలుగువాళ్ళ గ్రూపులో ఎవరో ఆయన పాత ఫోటో పెట్టారు. చెవులకు హెడ్‌ఫోన్లు, మెడ ఒక పక్కకు వాల్చి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. కింద వరసగా దండాలు. వాటి మధ్య ఒకరు ఇలా రాశారు: “చప్పట్ల నిమిషం మనకిచ్చిన మనిషి. ఇంకొకరు పుట్టరు.”

అప్పుడు నేను ఇండియన్ గ్రోసరీలో బెండకాయలు ఏరుతున్నాను. కొనలు విరిచి చూడటం మానేసి, చేతికందినవి కవర్లో వేసుకుని, వచ్చి కారులో కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఏడవాల్సినంత దగ్గరి మనిషే. రెండేళ్ళు ఆయన ఇంట్లో ఉన్నాను, ఆయన దగ్గర పని నేర్చుకున్నాను, నోరారా అన్నా అని పిలిచాను. కానీ ఆ నిమిషం ఆయన ఇచ్చింది కాదు. అది నాది.

చదువుకోవడానికి వచ్చిన కొత్తలో వాళ్ళింటి బేస్‌మెంటులో అద్దెకు చేరాను. అందులో సగం నా గది. మిగతా సగం ఆయన లోకం. రికార్డులు తిప్పే రెండు టర్న్‌టేబుళ్ళు, మధ్యలో రెంటి పాటనూ కలిపే మిక్సరు, గోడ పొడుగునా ప్లాస్టిక్ పెట్టెల్లో నిలబెట్టిన రికార్డులు. సగం విజయవాడ నుంచి సూట్‌కేసుల్లో మోసుకొచ్చిన సినిమా పాటలవి, సగం డెట్రాయిట్‌లో పాత సామాన్ల కొట్లు గాలించి తెచ్చిన డాన్సు సంగీతానివి. వారమంతా ఆయన కార్ల కంపెనీలో రంగులు పరీక్షించే ఇంజినీరు. శనివారం పెళ్ళిళ్ళకు, గ్రాడ్యుయేషన్ పార్టీలకు, దీపావళి వేడుకలకు డీజే. పిల్లలందరికీ డీజే అంకుల్.

రికార్డు ముట్టుకునే ముందు గిన్నెలు తోమే సబ్బుతో చేతులు కడుక్కునేవాడు. దానికి వేరే తువ్వాలు ఉండేది, తెల్లది. వదిన కూడా దాన్ని ముట్టకూడదు. నేను నేర్చుకుంటానని అడిగిన మొదటి రోజు, పాఠం మొదలుపెట్టే ముందు బడిపంతులులా “చేతులు చూపించు” అన్నాడు. గోళ్ళు చూసి, అరచేతులు తిప్పి చూసి, మళ్ళీ కడుక్కు రమ్మన్నాడు. ఆ తర్వాత రెండేళ్ళూ అదే వరస. నేను మెట్లు దిగగానే “చేతులు”.

రికార్డు మధ్య గుండ్రంగా ఉండే లేబుల్ మీద తెల్లకాగితం అంటించేవాడు. ఏ పాటో ఆయనకు తప్ప ఎవరికీ తెలియకుండా.

“ఎందుకన్నా?” అని అడిగాను.

“పార్టీలో వెనకనుంచి తొంగిచూస్తారమ్మాయ్. వెతుక్కునే కష్టం నాదీ, ఎత్తుకుపోయేది వాళ్ళూనా?”

ఒక పాట నుంచి ఇంకో పాటలోకి వెళ్ళే చోటును ఆయన ‘అతుకు’ అనేవాడు. “పాటలు ఎవరివో. అతుకు నాది,” అనేది ఆయన ఊతపదం. అది ఎలా ఉండాలో తన ఉద్యోగంలోంచి చెప్పేవాడు. “కారు డోరుకి రంగు ఒకచోట వేస్తారు, బాడీకి ఇంకోచోట. రెండూ బిగించి ఎండలో పెడితే ఎక్కడ మొదలైందో తెలీకూడదు. తెలిసిందా, నా ఉద్యోగం దండగ.” అలా అంటూ బొటనవేలితో మిగతా వేళ్ళ కణుపులు లెక్కపెట్టుకునేవాడు. ఆ చెయ్యి ఎప్పుడూ ఊరుకునేది కాదు. అన్నం తింటున్నా, డ్రైవ్ చేస్తున్నా, వదిన ఏదో అడుగుతున్నా కణుపుల మీద లెక్క నడుస్తూనే ఉండేది.

నేర్పడంలో మాత్రం లోభం లేదు. నా చెయ్యి పట్టుకుని, రికార్డు అంచుమీద వేలు ఎంత బరువు మోపాలో చూపించాడు. ఎడమ చెవిలో ఒక పాట, కుడి చెవిలో ఒక పాట విని రెండింటినీ ఒకే అడుగులో నడిపించడం ఆర్నెల్లకు వచ్చింది. వచ్చిన రోజు ఆయన “ఊఁ” అన్నాడు. ఆ “ఊఁ” కోసం నేను అసైన్‌మెంట్లు ఎగ్గొట్టాను.

అప్పటికి మనవాళ్ళ పాటల మిక్స్ అంటే క్యాసెట్టే. పార్టీలో ఎవరో మిక్సరుకు వైరు తగిలించి రికార్డు చేసుకుంటారు. అది ఒక కారు నుంచి ఇంకో కారుకు, ఆ ఊరి నుంచి ఈ ఊరికి కాపీల మీద కాపీలుగా పోతుంది. పైన మార్కరుతో ‘పార్టీ - 3’ అని ఉంటుంది తప్ప ఎవరు వాయించారో ఉండదు. ఒక శనివారం ఆయన ఒక ఫ్రెండు కారెక్కితే అందులో తన మిక్సే మోగుతోంది. దాని మీద ఎవడో తన గొంతు కలిపి, ప్రతి రెండు పాటలకూ తన పేరు అరుస్తున్నాడు. ఇంటికొచ్చి ఆయన అన్నం ముట్టలేదు. మర్నాడు కూడా.

“నా అతుకుల మీద వాడి పేరేంటే?” అని వదిన మీద అరిచాడు, ఆమెదే తప్పన్నట్టు. నేను పెట్టిన పెరుగన్నం అలాగే ఉండిపోయింది. “నువ్వు చెప్పమ్మాయ్, చేతులు నావి కదా. ఆ వేళ్ళు నావి కదా.”

ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. ఆ బాధ ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. తెలియక చేశాడని నేను ఎన్నడూ అనుకోలేకపోయాను.

కొన్ని నెలలకు న్యూజెర్సీ నుంచి ఒక చిన్న కంపెనీ ఫోన్ చేసింది. దొంగ క్యాసెట్లు ఇంతగా తిరుగుతున్నాయి కదా, అసలు మనిషితోనే సక్రమంగా సీడీ వేద్దామన్నారు. పాట పాటకూ హక్కులున్నవాళ్ళ దగ్గర పర్మిషన్ తీసుకుని, కవరు మీద డీజే పేరుతో, కొట్లో అమ్మేలా. తెలుగు పాటలకు అలాంటిది ఉండొచ్చని మాకెవరికీ అప్పటికి తోచలేదు. పార్టీలో పుట్టి పార్టీలోనే ఆవిరైపోయేది ప్లాస్టిక్ డబ్బాలోకి ఎక్కబోతోంది. ఆయన ఫోన్ పెట్టేసి నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

“పాడినోడి పేరుంటది, రాసినోడి పేరుంటది. అతికినోడి పేరు ఎప్పుడన్నా చూశావా?” అన్నాడు. “ఇప్పుడు చూస్తావ్.”

పాటల జాబితా పంపాడు. వారం వారం జవాబులు వచ్చేవి. ఈ పాట దొరికింది, ఆ పాట దొరకలేదు. చివరికి సగం పాటలే మిగిలాయి. పార్టీల్లో ఏళ్ళ తరబడి నలిగిన వరస ముక్కలైంది. అన్నిటికన్నా ఘోరం నడిమధ్య జరిగింది. అక్కడ ఒక కోలాటం పాట ఉంటుంది, మూడు దెబ్బల నడక. దాని తర్వాత డెట్రాయిట్ డాన్సు పాటలోని మెషీన్ డ్రమ్ము, నాలుగు దెబ్బల నడక. ఈ రెంటికీ మధ్య వంతెనలా ఇంకో పాట వాడేవాడు. ఆ పాటకు పర్మిషన్ రాలేదు.

మూడు వారాలు కుస్తీ పట్టాడు. ఎలా కలిపినా కుంటేది. ఆయన తన మాటను తనే చెప్పుకునేవాడు: “ఎండలో పెడితే తెలుస్తుంది.” కంపెనీవాళ్ళు ఇచ్చిన గడువు దగ్గరపడింది. కోలాటం పాట తీసేద్దామని కూడా అన్నాడు.

ఆ పాట నేను బట్టలు మడతపెడుతూ, చదువుకుంటూ, గోడవతల నుంచి వందసార్లు విన్నాను. రెండో చరణం అయ్యాక అందులో డోలు ఆగిపోతుంది. ఎనిమిది చప్పట్లు ఉంటాయి, ఆడవాళ్ళవి. మాది వరంగల్. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టినదాన్ని. వంగి లేచి కొట్టే ఒక్కో చప్పట్లో ఎవరి లెక్క వాళ్ళది. ఉత్త చప్పట్లకు ఏ నడకైనా సరిపోతుంది. వినేవాళ్ళు మూడనుకుంటే మూడు, నాలుగనుకుంటే నాలుగు.

“అన్నా, ఒక్కసారి నన్ను చెయ్యనియ్యి,” అన్నాను.

“చేతులు,” అన్నాడు, అలవాటుగా.

ఆ రికార్డువి ఆయన దగ్గర రెండు కాపీలు ఉండేవి. రెండూ పెట్టాను. ఒకదాంట్లో ఎనిమిది చప్పట్లు అయ్యేలోపు రెండోదాన్ని చప్పట్ల మొదటికి తిప్పిపెట్టి వదిలాను. అది అయ్యేలోపు మళ్ళీ మొదటిది. ఇటూ అటూ, ఇటూ అటూ. ఎనిమిది చప్పట్లు నిమిషం పాటు సాగాయి. కాసేపటికి చెవి డోలును మరిచిపోయింది. ఆ మరుపులో ఆయన ముందే టేపు మీదికి ఎక్కించుకున్న మెషీన్ డ్రమ్మును చప్పట్ల కిందికి మెల్లగా పెంచాను. అతుకు ఎక్కడుందో నాకే తెలియలేదు.

ఆయన వేళ్ళు కణుపుల మీద ఆగిపోయి ఉన్నాయి. ఆ రెండేళ్ళలో ఆ చెయ్యి ఆగడం నేను చూడటం అదొక్కసారే.

రికార్డింగు ఆదివారం పొద్దున పెట్టుకున్నాం. ఎక్కడా ఆపకుండా, మొదటి నుంచి చివరిదాకా ఒకే ఊపులో వాయించాలి; అది ఆయన పట్టుదల. పై అంతస్తులో అడుగు గట్టిగా పడినా రికార్డు మీద ముల్లు ఎగురుతుంది కాబట్టి వదిన తన పది నెలల పాపను ఒళ్ళో వేసుకుని బేస్‌మెంటు మెట్ల మీద కదలకుండా కూర్చుంది. కోలాటం పాట రాగానే ఆయన పక్కకు జరిగాడు. ఆ నిమిషం నేను వాయించాను. మెషీన్ డ్రమ్ము నిలదొక్కుకున్నాక ఆయన మళ్ళీ నా చోటులోకి వచ్చాడు. చివరి పాట అయిపోయి మీట నొక్కేదాకా ఎవరమూ ఊపిరి తీసుకోలేదు. అప్పుడు ఆయన పైకి వెళ్ళి, తన చేతుల్తో టీ కాచి తెచ్చి నాకిచ్చాడు. ఆయన స్టవ్ దగ్గరికి వెళ్ళగా చూడటం కూడా నాకదే మొదలు. చక్కెర వెయ్యడం మరిచిపోయాడు. నేను చెప్పలేదు.

ఆ వారంలోనే కిందికొచ్చి, నా గది గుమ్మం దగ్గర నిలబడి అన్నాడు.

“నీ పేరు కూడా వేయిద్దామనే అనుకున్నానమ్మాయ్. కానీ నువ్వు ఎఫ్-వన్, స్టూడెంట్ వీసాలో ఉన్నావ్ కదా. అన్ఆథరైజ్డ్ వర్క్ అంటారు. ఎవడన్నా కంప్లైంట్ ఇస్తే స్టేటస్ పోద్ది. నీ చదువు, నీ ఫ్యూచర్... రిస్క్ ఎందుకు?”

నిజమే కదా, అంత దూరం నేను ఆలోచించనే లేదు, నా గురించి ఈయన ఆలోచిస్తున్నాడు అనుకున్నాను.

“థాంక్స్ అన్నా,” అన్నాను.

సీడీ వచ్చింది. కవరు మీద ఆయన బొమ్మ, లోపల ‘ప్రతి అతుకూ ఒక్క చేతి మీద’ అన్న వాక్యం. ఒక బ్యాంక్వెట్ హాల్లో విడుదల పెట్టారు. చప్పట్ల చోటు రాగానే హాలంతా లేచి నిలబడి చప్పట్లు కలిపింది. నిమిషం పాటు అందరూ నా లెక్కలో కొట్టారు. నేను వెనక వరసలో వదిన పక్కన, పాపకు పాలసీసా పట్టుకుని కూర్చున్నాను. స్టేజి మీద ఎవరో అడిగారు, ఈ ఐడియా మీకెలా వచ్చిందండీ అని.

ఆయన మైకు తీసుకున్నాడు.

“ఓ మధ్యాహ్నం మా పాప నిద్రపోక ఏడుస్తుంటే, దాన్ని భుజానేసుకుని వీపు మీద జోకొడుతున్నా. అలా జోకొడుతూ జోకొడుతూ ఉంటే నా చేతికి తట్టింది. ఈ నిమిషం నాకు నా కూతురు ఇచ్చింది.”

హాలు ఉప్పొంగిపోయింది. పక్కన వదిన తల దించుకుని పాప గౌను సర్దింది.

పేరు పోతే పోయిందనుకున్నాను. కథ కూడా పోతుందని అనుకోలేదు. పార్కింగ్ లాట్‌లో ఆయన కారు అద్దం మీది మంచు గీకుతుంటే వెళ్ళి నిలబడ్డాను.

“అన్నా, పేరంటే వీసా కోసం తీసేసినవ్, సరే. ఆ కథ ఎందుకు చెప్పినవ్?”

గీకడం ఆపలేదు. “జనానికి కథ కావాలమ్మాయ్. బేస్‌మెంట్‌లో అద్దెకున్న అమ్మాయి కనిపెట్టిందంటే ఎవడు వింటాడు?”

“ఆ నిమిషం నాదన్నా.”

“నేర్పింది ఎవరు?” అని అప్పుడు నావైపు తిరిగాడు. “చేతులు ఎవరు కడిగించారు? నేను లేకపోతే నీకు ముల్లు ఎక్కడ పెట్టాలో తెలుసా?”

తెలియదు. అది నిజం. ఆ సెమిస్టరు చివర వాళ్ళిల్లు ఖాళీ చేశాను. నా సూట్‌కేసు ఆయనే మెట్ల మీదికి మోసి, కారులో పెట్టాడు. “వస్తుండమ్మాయ్,” అన్నాడు. రికార్డు ముట్టుకోవడం నాకు అక్కడితో సరి.

ఉద్యోగం వచ్చి, వీసా మారి, భయపడాల్సింది ఏమీ లేదని తెలిశాక ఒకసారి ఫోన్ చేశాను. సీడీ రెండోసారి అచ్చువేస్తున్నారని విన్నాను. “అన్నా, ఇప్పుడు నాకు స్టేటస్ భయం లేదు,” అన్నాను. “కవరు ఆల్రెడీ ప్రింటింగ్‌కి పోయిందమ్మాయ్. నెక్స్ట్ టైమ్ చూద్దాం,” అన్నాడు. అవతల పాప ఏదో అడుగుతుంటే “నీ చప్పట్ల ఆంటీ రా” అని నవ్వడం వినిపించింది. ఆ నవ్వుకు ఏమని పేరు పెట్టాలో నాకిప్పటికీ తెలియదు.

అందరం ఉండేది ట్రాయ్‌లోనే. తప్పించుకునే వీల్లేదు. ఏ పెళ్ళికి వెళ్ళినా స్టేజి పక్కన ఆయన. ఆ నిమిషం వచ్చినప్పుడల్లా జనంలో నన్ను వెతికేవాడు. కళ్ళు కలిశాక కొంచెం తలాడించేవాడు. ఆ చూపులో క్షమాపణ ఉందని కొన్నేళ్ళు అనుకున్నాను. తర్వాత అర్థమైంది, నేను నోరు మూసుకునే ఉన్నానా అని చూసుకునేవాడు. నేనూ ప్రతిసారీ తలాడించాను. ఆ పాపం నాది.

ఆయన పోయిన నెల రోజులకు కూతురు మా ఇంటికి వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, ఇరవై అయిదు దాటి ఉంటాయి. ముక్కు ఆయనదే. డెట్రాయిట్‌లో ఒక చిన్న సంస్థ ఆ ఆల్బమ్‌ను మళ్ళీ తెస్తోందట, ఈసారి పెద్ద నల్ల రికార్డుగా. దాంతోపాటు ఒక పుస్తకం. మనలాంటి వాళ్ళ మిక్స్ ఆల్బమ్‌లు అసలు ఎలా మొదలయ్యాయన్నది అందులో ఉంటుందట. ఫోన్‌లో రికార్డరు ఆన్ చేసి డైనింగ్ టేబుల్ మీద పెట్టింది.

“ఆంటీ, నాన్న హాస్పిటల్‌లో చెప్పాడు. ఎవరైనా డౌట్ అడిగితే ఆ ఆంటీని అడుగు, షి వాజ్ దేర్, తను చెప్తుంది అని.”

“ఏం చెప్తానన్నాడు?”

“స్టోరీ. నన్ను పడుకోబెట్టేటప్పుడు ఐడియా వచ్చింది, అది.”

టేబుల్ మీద పెట్టిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆయన నన్ను మోసం చేశాడన్న బాధ పాతది, దానికి అలవాటుపడ్డాను. నేను తనను మోసం చెయ్యనని అంత నిబ్బరంగా నమ్మి పోయాడే, అది కొత్తది.

“అమ్మా, ఆ నిమిషం...” అని మొదలుపెట్టాను.

ఆ పిల్ల చటుక్కున రికార్డరు ఆపేసింది.

“నాకు తెలుసు ఆంటీ,” అంది. “ఫ్యునరల్ తర్వాత అమ్మ చెప్పింది. తను స్టెయిర్స్ మీద ఉంది కదా, చూసింది కదా. బట్ ఆంటీ, నా హోల్ లైఫ్ ఆ స్టోరీ. స్కూల్‌లో చెప్పాను. నా పెళ్ళిలో నాన్న ఆ సాంగ్‌కి నాతో డాన్స్ చేశాడు. నేను... ఐ కేమ్ టు ఆస్క్ యూ. ప్లీజ్, మీరు చెప్పద్దు.”

వదిన ఇన్నేళ్ళు ఎదురుపడ్డప్పుడల్లా నా చెయ్యి పట్టుకుని వదిలేది కాదు. ఎందుకో అప్పుడు తెలిసింది. ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అందరూ కలిసి నా నోటి మీద చెయ్యి పెట్టారు, మెత్తగా, ప్రేమగా.

కోపంతో అరవాలనిపించింది. కానీ ఎదురుగా ఉన్నది, తండ్రి పోయి నెలే అయిన పిల్ల.

“ఆ అబద్ధం తీసేస్తే నీకేం మిగలదనుకుంటున్నావు,” అన్నాను. “కానీ ఆ రోజు నువ్వు ఉన్నావమ్మా. మెట్ల మీద, మీ అమ్మ ఒళ్ళో. గంటసేపు కిక్కురుమనలేదు. నువ్వు ఏడ్చి ఉంటే మీ అమ్మ లేచేది, ముల్లు ఎగిరేది, ఆ రికార్డింగే ఉండేది కాదు. అది నిజం. దాన్ని ఎవరూ నీకు చెప్పలేదా?”

తల అడ్డంగా ఊపింది. కళ్ళు తుడుచుకుంది.

“రికార్డరు ఆన్ చెయ్యి.”

“ఐ కాంట్ ప్రామిస్ ఆంటీ. యూజ్ చేస్తానో లేదో.”

“ప్రామిస్ అడగలేదు. ఆన్ చెయ్యి.”

ఫోన్ దగ్గరికి లాక్కుని, చేసింది. ముందు నా పేరు చెప్పాను. మా నాన్న పేరు, మా ఊరి పేరు చెప్పాను. తర్వాత ఎనిమిది చప్పట్లు, రెండు రికార్డులు, మూడు వారాల కుస్తీ, చక్కెర లేని టీ, అన్నీ వరసగా చెప్పాను. ఆయన ఎంత బాగా నేర్పాడో కూడా చెప్పాను; అది దాచితే నేనూ ఆయనలాంటిదాన్నే అవుతాను. పోయేముందు ఆ పిల్ల నన్ను వాటేసుకుంది. నేను వాటేసుకోలేదు. చేతులు లేవలేదు.

పోయిన వారం రికార్డు బయటికొచ్చింది. ఆ పిల్లే ఫోటోలు పంపింది. పుస్తకంలో చప్పట్ల పేజీలో ఆయన భుజం మీద పసిపాప, పక్కన పాత కథే, ఒక్క అక్షరం మారలేదు. దాని వెనకే ఒక ఆడియో ఫైలు వచ్చింది, నా గొంతుది. కింద రాసింది: “ఆంటీ, యూజ్ చేయలేకపోయాను. డిలీట్ కూడా చేయలేకపోయాను. సారీ.”

‘పర్లేదమ్మా’ అని టైప్ చేశాను. పంపబోతూ ఆగాను. ఇన్నేళ్ళూ ఆ ఇంటికి నేను ఇస్తూ వచ్చింది ఆ మాటే. చెరిపేసి, ‘అందింది’ అని మాత్రం పంపాను.